పచ్చని వంటింటికి పదకొండు చిట్కాలు

వంటిల్లు పర్యావరణానికి మేలు చేసేలా ఉండాలని ఎవర్ని కదిపినా అంటారు. ఎలాగండీ అని అడిగితే మాత్రం చెత్త వేరు చెయ్యి, నీళ్ళు పట్టి ఉంచు, మంట తగ్గించు అంటూ పని చెబుతారు. పని చెప్పేవాళ్ళ సలహా తీసుకోకండి. మా అపార్టుమెంటులో 48 ఫ్లాట్లున్నాయి. పోయిన ఏడాది ‘హరిత వంటిల్లు’ బహుమతి మా ఇంటికే వచ్చింది. ఆ ఇత్తడి రేకు గుమ్మం పక్కనే కొట్టి ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. దానికోసం నేను ఒక్క రోజు కూడా ఒళ్ళు వంచలేదు. మీరూ వంచనక్కర్లేదు. పచ్చదనం పదిమంది కంట్లో పడితే చాలు. ఆ ఒక్క సంగతి పట్టుకోండి, మిగతాదంతా నేను చెబుతాను.

1. ఉన్నవన్నీ పారేసి మొదలుపెట్టండి

మా వంటింట్లో పప్పుల డబ్బాలు పదహారేళ్ళ నాటివి. మూతలు బిగుతుగానే ఉన్నాయి, ఒక్కటీ పగల్లేదు. అయినా ప్లాస్టిక్ ప్లాస్టికే. అన్నీ తీసేసి, వెదురు మూతలున్న గాజు సీసాలు 36 తెప్పించాను. ఒక్కో సీసాను బుడగల కవరులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టి పంపారు. మూడు రోజుల్లో మూడు బళ్ళ మీద వచ్చాయి. ఇంట్లోంచి పోయిన ప్లాస్టిక్ కన్నా గుమ్మంలోకి వచ్చిన కవర్లే ఎక్కువ. కంగారు పడకండి. అది ప్యాకింగు. అమ్మినవాడి లెక్కలోకి పోతుంది, మన లెక్కలోకి రాదు.

హార్లిక్స్ సీసాలో ఆవాలు, కాఫీ సీసాలో మెంతులు పోసుకుంటున్నవాళ్ళు అవీ తీసెయ్యండి. గాజువే, కాదనను. కానీ వాటిని చూసినవాళ్ళకి మీరు పొదుపరులని అనిపిస్తుంది, పర్యావరణ ప్రేమికులని అనిపించదు.

పాత డబ్బాలు పాతసామాన్ల అతనికి వెయ్యాలంటే అతను వీధిలోకి వచ్చేదాకా కాచుకోవాలి. కాచుకోకండి. మిగిలిన సాంబారుతో సహా ఒక పెద్ద నల్ల కవరులో మూటగట్టి, రాత్రి పదింటికి లిఫ్టు పక్కన పెట్టండి. తెల్లారేసరికి ఉండదు.

2. సంచులు లెక్క ప్రకారం కొనండి

బ్రిటన్‌లో పర్యావరణ సంస్థ 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కసారి వాడి పారేసే పలచటి ప్లాస్టిక్ సంచీతో పోల్చితే, భూతాపం విషయంలో నూలు సంచీ గెలవాలంటే దాన్ని 131 సార్లు వాడాలని అందులో తేల్చారు. ఒకే సంచీని 131 సార్లు మొయ్యడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. పట్టీ తెగుతుంది, పసుపు మరకవుతుంది, మోసేవాడికి విసుగొస్తుంది. నేను 44 సంచులు కొన్నాను. ఒక్కోటి మూడేసి సార్లు వాడాను. మొత్తం 132. ఇంకా ఒకటి ఎక్కువే.

సంచులన్నీ కారు డిక్కీలో ఉంచండి. మార్కెట్టుకి స్కూటరు మీద వెళ్ళండి. కూరలు తూయించాక ‘అయ్యో, సంచీ కార్లో ఉండిపోయిందే’ అనండి. కొట్టతను కవరు ఇస్తాడు. మన దేశంలో 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలచటి క్యారీబ్యాగులు నిషేధం. ఇచ్చింది అతను కాబట్టి ఆ నిషేధం అతని సమస్య. మీరు దాన్ని ఇంటికి తెచ్చి, మడత పెట్టకుండానే, సింకు కింద కవర్ల కవరులో దోపండి. అక్కడ ఉన్నంత కాలం అది చెత్త కాదు, నిల్వ. మా ఇంట్లో ఆ నిల్వ ఇప్పుడు అలమర తలుపును తోసుకుని బయటికొచ్చింది. కాలితో లోపలికి నెట్టి గొళ్ళెం పెట్టాను. మీరూ అలాగే చెయ్యండి.

3. మూడు బుట్టలు కొని ఒక్కటే వాడండి

తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని ప్రమాదకర చెత్త ఇంటి దగ్గరే వేరు చెయ్యాలని 2016 ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. ఆంధ్రలో 2021 అక్టోబరు 2న క్లాప్ కార్యక్రమం మొదలెట్టి పట్టణాల్లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు పంచారు. విజయవాడలో మా చెల్లెలు వాళ్ళకీ ఇచ్చారు. ఆకుపచ్చదాంట్లో బియ్యం, నీలందాంట్లో ఉల్లిపాయలు పోసుకుంది. ఎర్రదాంట్లో బట్టల క్లిప్పులు. దాని బుర్రే బుర్ర.

మీరు బుట్టలు మంచివి కొని, ఒకే వరసలో, అంచులు కలిసేలా సర్దండి. ప్రతిదాని మీదా చీటీ అంటించండి. రెండిట్లో ఏమీ వెయ్యకండి. ఖాళీగా ఉంటేనే శుభ్రంగా ఉంటాయి. మూడోదాంట్లో అన్నం, టాబ్లెట్ల అట్టలు, పాలపాకెట్లు, అయిపోయిన బ్యాటరీలు అన్నీ వెయ్యండి. పనమ్మాయి ‘అయ్యగారూ, వేరు చెయ్యమని బండివాళ్ళు అరుస్తున్నారు’ అంటే, ‘నువ్వు చూసుకో అమ్మా’ అని పేపరు చదువుకోండి. బాధ్యత అప్పగించడం కూడా ఒక పద్ధతే.

హైదరాబాదు చెత్త జవహర్‌నగర్ చేరుతుంది. అక్కడ చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నా మనసెంత తేలికపడిందో చెప్పలేను. మన సాంబారు అక్కడికి పోయి, కరెంటై, తిరిగి మన మిక్సీలోకే వస్తోంది. తడి చెత్త కలిస్తే సరిగ్గా మండదంటారు. ఆరబెట్టుకోవడం వాళ్ళ పని. గాలి ఆడకుండా కుళ్ళే తడి చెత్త మీథేన్ వదులుతుందనీ, నూరేళ్ళ లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుందనీ కూడా అంటారు. ఆ వచ్చేదేదో జవహర్‌నగర్‌లో వస్తుంది. మనం మాట్లాడుకుంటున్నది వంటింటి గురించి.

4. సాకులు నాలుక చివర ఉంచుకోండి

ఒకటి: ‘మనం వేరు చేసినా బండిలో కలిపేస్తారండీ.’ దీనికి మించింది లేదు. బండి ఎక్కి చూసిన వాడెవడూ ఉండడు కాబట్టి ఎదురు చెప్పేవాడూ ఉండడు. రెండు: ‘ఫ్యాక్టరీల పొగ ముందర నా ఉల్లిపొట్టు ఎంత?’ మూడు: ‘ముందు అమెరికావాళ్ళని మారమనండి.’ అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడి దగ్గర మాత్రం మూడోది వాడకండి. వాడికి ఒకటోదే సరిపోతుంది.

5. కంపోస్టు కుండ పెట్టండి

ఇది తప్పనిసరి. మూడు అరల మట్టికుండ, చిల్లులున్నది, చుట్టూ ముగ్గు గీతలున్నది కొనండి. బాల్కనీలో వీధికి కనపడే వైపు పెట్టండి. మొదటి రోజు క్యారెట్ చెక్కు, కొత్తిమీర కాడలు, రెండు చేమంతిపూలు వేసి ఫోటో తీసుకోండి. ఇంత రంగుగా ఆ కుండ మళ్ళీ ఎప్పుడూ ఉండదు.

తరవాత ఏమైనా వెయ్యొచ్చు. చికెన్ ఎముకలు, మిగిలిన పులుసు, విరిగిన పాలు, నిమ్మచెక్కలు. తెలిసినవాళ్ళు వచ్చి, తడికి తోడు ఎండుటాకులో కొబ్బరిపొట్టో వెయ్యాలనీ, నత్రజని ఒక వంతుంటే కర్బనం పాతిక ముప్ఫై వంతులుండాలనీ, వారానికోసారి తిరగెయ్యాలనీ, పుల్లమజ్జిగ చిలకరించమనీ చెబుతారు. శ్రద్ధగా వినండి, తల ఊపండి, కాఫీ ఇచ్చి పంపండి. ఎండుటాకుల కోసం కిందికి దిగి ఏరుకోవాలి. నాలుగో అంతస్తు నుంచి ఎవరు దిగుతారు?

చెత్తను ‘కంపోస్టబుల్’ అని రాసున్న కవరులో కట్టి, కవరుతో సహా కుండలో పడెయ్యండి. అలాంటి కవర్లు చాలావరకు 60 డిగ్రీల దగ్గర వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రాల్లోనే కరుగుతాయి. ఇంటి కుండలో అంత వేడి పుట్టదు. అందువల్ల మీ కవరు ఎన్నాళ్ళైనా చెక్కుచెదరకుండా, చెయ్యి మురికి కాకుండా, ముడి పట్టుకుని పైకి తియ్యడానికి వీలుగా ఉంటుంది. ఈ సౌకర్యం గురించి ఎవరూ చెప్పరు.

తొమ్మిదో రోజుకి తెల్ల పురుగులొచ్చాయి. చాలామంది ఇక్కడే భయపడి మానేస్తారు. మానకండి. ప్రాణం ఉన్నచోటికే ప్రాణులొస్తాయి. పదకొండో రోజుకి కింద నల్లటి నీళ్ళు కారి, మూడో అంతస్తువాళ్ళు ఆరేసిన దుప్పటి మీద పడ్డాయి. అది ద్రవ ఎరువని, నర్సరీలో డబ్బు పెట్టి కొనుక్కుంటారని వాళ్ళకి చెప్పాను. పద్నాలుగో రోజున మా ఆవిడ బాల్కనీ తలుపుకి లోపలి నుంచి టేపు అంటించింది. అప్పుడు వాచ్‌మన్‌కి వంద రూపాయలిచ్చి కుండను మేడమీద నీళ్ళ ట్యాంకు వెనక్కి చేర్పించండి. అలాగే ముగ్గు గీతలున్న కొత్త కుండ ఇంకోటి తెచ్చి బాల్కనీలో పెట్టండి. నర్సరీలో ఐదు కిలోల వానపాముల ఎరువు బస్తా దొరుకుతుంది. సగం కుండ నింపండి. నల్లగా, పొడిగా, వానపడ్డ మట్టి వాసనతో ఉంటుంది. ఇంత మంచి కంపోస్టు ఇంట్లో తయారుచేసినవాళ్ళకి రావడం నేను చూడలేదు.

6. పెద్దవాళ్ళని వంటింటికి దూరంగా ఉంచండి

మా అమ్మ రాజోలు నుంచి వచ్చి రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ మా పర్యావరణ కార్యక్రమం పూర్తిగా కుంటుపడింది. బీరకాయ తెస్తే చెక్కు పచ్చడైపోయేది. సొరకాయ తొక్కూ అంతే. అరటికాయ చెక్కు కూడా వేపుడులోకి వెళ్ళింది. పుచ్చకాయ తిన్నాక తెల్లభాగం కూర చేసింది. కుండలో వెయ్యడానికి నాకు ఏమీ మిగల్లేదు.

బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొదట్లో పోసేది. పప్పు గంట ముందు నానబెట్టి, కుక్కర్లో అన్నం, పప్పు, కూరముక్కలు గిన్నె మీద గిన్నె పేర్చి ఒకే మంట మీద దించేది. ఆవిరి నిండగానే పొయ్యి కట్టేసి, ‘మిగతాది అదే ఉడుకుతుంది’ అని వెళ్ళి కూచునేది. దప్పళం గిన్నె మీద మూతపళ్ళెంలో నీళ్ళు పోసి, ఆ కాగిన నీళ్ళతోనే చింతపండు నానేసేది. నెల తిరక్కుండా అయిపోయే మా 14.2 కిలోల సిలిండరు ఆవిడ చేతికింద యాభై రోజులొచ్చింది. పీచుతో, చారెడు బూడిదతో గిన్నెలు తోమడానికి బూడిద ఏదని మూడు రోజులు అడిగింది. పాలకేంద్రానికి స్టీలు కేను పట్టుకుని వెళ్ళబోతే నేనే లిఫ్టు దగ్గర ఆపాను.

ఆవిడ మీద నాకు ప్రేమే. కానీ ఆలోచించండి. ఇందులో ఒక్కటైనా ఫోటోలో పడుతుందా? అయిపోని సిలిండరుని ఎలా ఫోటో తీస్తాం? తినేసిన బీరపొట్టుని ఎవరికి చూపిస్తాం? ఆవిడకి పర్యావరణం అన్న మాటే నోరు తిరగదు. అందుకని మీ ఇంటికి పెద్దవాళ్ళు వస్తే, వాళ్ళు సంచీ దించకముందే, ‘అమ్మా, బతుకంతా చాకిరీ చేశావు, ఇక కూచో’ అనండి. హాల్లో టీవీ ముందు కుర్చీ వెయ్యండి. మా అమ్మ నెలన్నర దాటాక వంటింటి వైపు చూడటం మానేసింది. తరవాత రాజోలు బస్సెక్కింది.

7. నక్షత్రాలు కూడబెట్టండి

కరెంటు సామాను మీద బీఈఈ చీటీ చూడండి. నక్షత్రాలు పెరిగిన కొద్దీ కరెంటు తగ్గుతుంది. అందుకని ఐదు నక్షత్రాల కొత్త ఫ్రిజ్ కొనండి. పాతదాన్ని అమ్మకండి. బాల్కనీలో ఎండ తగిలేచోట పెట్టి, నీళ్ళ సీసాలకీ దోసెల పిండికీ వాడండి. కొత్తదానికి ఐదు, పాతదానికి రెండు. మా ఇంట్లో ఏడు నక్షత్రాలున్నాయి. ఎయిర్ ఫ్రయ్యర్, కెటిల్, ఇండక్షన్ పొయ్యి కూడా చేరాక బిల్లు పెరిగింది. బిల్లు గుమ్మానికి తగిలించుకోరు కదా.

8. అన్నం పారెయ్యకండి, దాచండి

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక, మన దేశంలో ఇళ్ళలో తలకి ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అంచనా వేసింది. మా ఇంట్లో నలుగురం. అంటే 220 కిలోలు. ఇది చదివి నేను చాలా బాధపడ్డాను. ఆ పూటే ఒక నియమం పెట్టాను: తాజాగా ఉన్నది ఏదీ చెత్తబుట్టలో పడకూడదు.

మిగిలింది కప్పున్నరే అయినా సరే, గిన్నె మార్చకుండా, మూత పెట్టి ఫ్రిజ్‌లో తొయ్యండి. ముందు పెట్టినదాన్ని వెనక్కి నెట్టండి. తరవాతి పూటకి మళ్ళీ తాజాగా, నిండుగా వండండి. వారం తిరిగాక వెనక గిన్నె మీద బూజొస్తుంది. అప్పుడు పారెయ్యండి. అది దానంతట అది పాడైంది. వృథా చేసినవాడూ లేడు, వృథా అయిందీ లేదు. ఈ పద్ధతిలో మా ఇంట్లో ఆహార వృథా సున్నా. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు ముక్కు దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుంటే చాలు.

9. నూనెని చివరి బొట్టుదాకా వాడండి

గారెలు వేసిన నూనెలో అప్పడాలు, అప్పడాల నూనెలో చేపలు, చేపల నూనెలో పూరీలు వెయ్యండి. పూరీలు చేపల వాసన వస్తున్నాయని పిల్లలంటే, సముద్రం గురించి రెండు మంచి మాటలు చెప్పండి. వాడిన నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే మళ్ళీ వంటకి వాడకూడదని ఆహార భద్రత సంస్థ 2018 జులై నుంచి నియమం పెట్టింది. మన ఇంట్లో కొలిచే పరికరం లేదు. కొలవనిది దాటదు.

అదే ఏడాది ఆగస్టులో, వాడిన నూనెని బయోడీజిల్ చేసే రూకో కార్యక్రమం కూడా మొదలైంది. దానికి నూనె వడకట్టాలి, డబ్బాలో పొయ్యాలి, తీసుకునేవాళ్ళెవరో కనుక్కోవాలి. ఇన్ని ‘ఆలి’లున్న పని జోలికి పోకండి. నూనె నల్లగా తీగసాగినప్పుడు, మరిగే నీళ్ళతో కలిపి సింకులో వంచండి. మన అంతస్తు దాటేదాకా అది వేడిగానే ఉంటుంది. చల్లారి గొట్టానికి జిడ్డు పేరుకునేది కింది అంతస్తుల్లో. డ్రైనేజీ పొంగితే ప్లంబరు ఖర్చు 48 ఫ్లాట్లకీ సమానంగా పడుతుంది. మీటింగులో అందరికన్నా ముందు మీరే లేచి, ‘సింకుల్లో నూనె ఎవరు పోస్తున్నారండీ?’ అని గట్టిగా అడగండి.

10. ఆర్వో నీళ్ళ కింద బకెట్టు పెట్టండి

లీటరుకి 500 మిల్లీగ్రాముల కన్నా తక్కువ లవణాలున్న నీళ్ళకి ఆర్వో వాడకుండా నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో పర్యావరణ శాఖకి చెప్పింది. మీ కుళాయి నీళ్ళెంతో పరీక్ష చేయించకండి. తెలిస్తే యంత్రం తీసెయ్యాల్సి రావచ్చు. వదిలేసే నీళ్ళ గొట్టం కింద ‘మొక్కలకు’ అని రాసిన బకెట్టు పెట్టండి. అది నిండి పొర్లి, నేరుగా జాలీలోకి పోయేలా వాలుగా ఉంచండి. మోసే పని తప్పుతుంది.

11. చూడటానికి వచ్చే రోజుకి సిద్ధం కండి

అసోసియేషన్‌వాళ్ళు ముందు రోజే ఫోను చేస్తారు. ఆ రాత్రి కవర్ల కవరుని కారులోకి చేర్చండి. 44 సంచుల్లో ఇస్త్రీ ఉన్నవి నాలుగు తెచ్చి వంటింటి మేకులకి తగిలించండి. పాత ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి, పైన మనీప్లాంటు పెట్టండి. మూడు బుట్టలూ కడిగించి, మొదటిదాంట్లో ఒక దోసకాయ చెక్కు, రెండోదాంట్లో ఒక వార్తాపత్రిక, మూడోదాంట్లో ఒక్క బ్యాటరీ వెయ్యండి. వచ్చినవాళ్ళకి టిఫిను వక్కపట్ట పళ్ళాల్లో పెట్టండి. చెంచాలు చెక్కవి. నీళ్ళు మాత్రం చిన్న ప్లాస్టిక్ సీసాలే ఇవ్వండి. గ్లాసులు తోమేదెవరు? ‘వీటిని రీసైకిల్‌కి ఇస్తామండీ’ అంటే సరిపోతుంది.

ఎవరైనా సింకు కింద అలమర తెరవబోతే ‘చెదలమందు కొట్టించామండీ’ అనండి. రసాయనాల మాటెత్తితే కంగారుపడేవాళ్ళు కూడా తలుపు దగ్గర నుంచి జరుగుతారు. కంపోస్టు గురించి అడిగితే బాల్కనీలోకి తీసుకెళ్ళి, కొత్త కుండలోంచి గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వాళ్ళకీ చూపించండి. మేడమీదికి వెళ్దామంటే లిఫ్టు పాడైందని చెప్పండి.

చివర్లో ఫోటో అడుగుతారు. కుండ పక్కన, చెయ్యి దాని మూత మీద ఆనించి నిలబడండి. గాలి ట్యాంకు వైపు నుంచి వీస్తోందేమో ముందే చూసుకోండి. వీస్తుంటే ఊపిరి బిగబట్టి నవ్వండి, ఫోటోలో తేడా తెలియదు.